అడుగున పరిచిన వెండి కాగితం

ఆ పేటలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్లు పెద్దగా లేరు. అందరికీ ఆవిడ పొయ్యిలమ్మ. ఇళ్లలో ఓవెన్లు కడగడం ఆవిడ పని. గిన్నెలు తోమేవాళ్లు, గచ్చులు తుడిచేవాళ్లు ఏ వీధిలోనైనా దొరుకుతారు. ఓవెన్ తలుపు ఊడదీసి, లోపలికి తల దూర్చి, ఏళ్ల తరబడి మాడి రాయిలా గట్టిపడ్డ జిడ్డును గోకి తీసే మనిషి కావాలంటే మాత్రం పొయ్యిలమ్మకే కబురు పంపాలి.

మోకాళ్లు అరిగిపోయాక ఆ తల దూర్చే పని కోడలికి వచ్చింది. అత్తగారు పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, మిగిలిన పనంతా నోటితో చేసేది.

"కత్తి పడుకోబెట్టి గోకు. పడుకోబెట్టవే అంటే నిలబెడతావేం? గీత పడిందనుకో, ఆ గీతలోనే మళ్లీ జిడ్డు చేరుతుంది."

"పడుకోబెట్టానత్తయ్యా. ఇంకా పడుకోబెడితే గుర్రుపెడుతుంది."

"గుర్రుపెట్టేది నువ్వు. ఓవెన్లో తల పెట్టి కునికే కోడల్ని నేనెక్కడా చూడలేదు."

ఇంటి యజమానురాలు నవ్వేది. లోపల్నుంచి కోడలి నవ్వు డబ్బాలో గులకరాళ్లలా మోగేది. అత్తాకోడళ్లు అలా ఒకరినొకరు ఆడిపోసుకుంటూ పనిచేయడం చూడటానికే కొందరు వంటగదిలోంచి కదిలేవాళ్లు కాదు.

పనికి ఒక వరస ఉండేది. ముందు లోపలి కమ్మీల అరల్ని తీసి, వేడినీళ్లలో సోడా కలిపిన తొట్టెలో నానేయాలి. తలుపు ఊడదీసి నేలమీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టాలి. దాని చుట్టూ ఉండే రబ్బరు పట్టీని రుద్దకూడదు, తడిగుడ్డతో అద్దాలి. వెనక గోడకు అంటుకుని ఉండే సన్నటి రాగి కడ్డీని ముట్టుకోకూడదు. అది వంగితే ఓవెన్‌కు తన వేడి తనకే తెలియదు. లోపలంతా సోడా ముద్ద పూసి, అది ఎండేలోపు ఇంటావిడ ఇచ్చిన టీ తాగాలి. ఇవన్నీ కోడలు చేసేది.

ఆఖరి పని మాత్రం అత్తగారిది. కడిగిన ఓవెన్ అడుగున వెండి కాగితం పరచడం. సంచిలోంచి చుట్ట తీసి, కొలత చూడకుండా చర్రున చింపి, నాలుగు మూలలకూ అంటేలా పరిచి, వేళ్ల కణుపులతో ముడత లేకుండా నొక్కేది. పీట మీంచి ముందుకు వంగి, ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడ ముఖంలో నొప్పి కనపడేది కాదు. "ఇక ఏం కారినా దీనిమీదే కారుతుంది. నెల తిరిగాక తీసి పారెయ్యండి, కొత్తది వేసుకోండి" అనేది. ఓవెన్ తెరవగానే అద్దంలా మెరుస్తుంటే ఆడవాళ్లు మురిసిపోయేవాళ్లు. అది ఎవరో నేర్పింది కాదు. పెళ్లైన కొత్తలో రొట్టెల బట్టీలో పళ్లేలు తోమే పనికి వెళ్లేది పొయ్యిలమ్మ. అక్కడ పళ్లేల్లో కాగితం పరచడం చూసి, ఓవెన్ అడుగున ఎందుకు పరచకూడదనుకుంది. మొదట తన ఇంటి ఓవెన్లోనే వేసి చూసింది.

ఆ కాగితం నొక్కుతూనే ఆవిడ తన మొగుడు పోయిన కథ చెప్పేది. అది వినని ఇల్లు ఆ పేటలో లేదు.

"కలప అడితిలో కాపలా ఉండేవాడమ్మా మా ఆయన. ఆ పొద్దున డ్యూటీ దిగొచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. నేను పనికి బయల్దేరుతూ చెప్పాను. ఓవెన్ వెలిగించి తలుపు తీసి పెట్టుకుని కాళ్లు కాచుకోండి, కిటికీ మాత్రం తీయకండి, దగ్గు ఎక్కువవుతుందీ అని. జన్మలో నా మాట వినని మనిషి ఆ రోజు విన్నాడు. మధ్యాహ్నం వచ్చి చూద్దును కదా, కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా! పెళ్లినాడు కూడా ఆ ముఖంలో అంత కళ లేదు. చూస్తే సిలిండర్ కూడా అయిపోయింది. ఆయనా సిలిండరూ ఒకేసారి అయిపోయారు." ఇక్కడ ఆగి వినేవాళ్ల ముఖం చూసేది, నవ్వాలో వద్దో తెలియక వాళ్లు తికమకపడితే తనే నవ్వేది. "గుండె ఆగిందన్నాడు డాక్టరు. నొప్పి లేకుండా పోయాడు. అదృష్టవంతుడు."

కోడలు మామగారిని చూడలేదు. ఆమె కాపురానికి వచ్చేసరికే ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన గురించి ఆమెకు తెలిసిందంతా ఆ కథే. అదీ ఓవెన్లో తల పెట్టి విన్నదే.

ఆ ఏడు చలి ముందే దిగింది. పొద్దున్నే నోరు తెరిస్తే పొగలు. పేటలో ఏ కిటికీ చూసినా మూసే ఉండేది. అలాంటి ఒక పొద్దున, కుట్టుపని చేసుకునే ఆవిడ ఇంటినుంచి కబురు వచ్చింది. ఆవిడా, ఆవిడ చిన్నకూతురూ వంటగదిలో పడిపోయారట. పక్కింటివాళ్లు తలుపు విరగ్గొట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారట. తల్లి తేరుకుంది, పిల్లకి ఇంకా తెలివి రాలేదు. ఓవెన్ కిందటి వారమే వీళ్లు కడిగింది.

అత్తగారికి ఆ రోజు మోకాళ్లు మంచం దిగనివ్వలేదు. "మనం విప్పిన గొట్టం ఏదైనా సరిగ్గా బిగించలేదేమో, పరిగెత్తు" అంది. కోడలు కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు వెళ్లింది.

కుట్టుపని ఆవిడది ఒకే గది. వంటగదీ అదే, కుట్టుమిషనూ అక్కడే. మిషన్ మీద సగం కుట్టిన పిల్లగౌను సూది కిందే ఉంది. నేలమీద బట్టతల గ్యాసు మెకానిక్ ఓవెన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కోడలు వెళ్లేసరికి అడుగున ఉన్న వెండి కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు పైకి ఎత్తాడు.

"ఇది ఎవరు వేశారమ్మా?"

"మేమే."

"ఎందుకూ?"

"శుభ్రంగా ఉంటుందని. అన్నిళ్లలోనూ వేస్తాం."

అతను ఆమె వంక కాసేపు చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది ఆమె.

"ఇలా రా. అడుగు రేకుకి ఈ పక్కా ఆ పక్కా చీలికలున్నాయి చూశావా? ఇన్నాళ్లూ కడుగుతున్నావు కదా, ఇవి దేనికనుకున్నావు?"

"కడ్డీలమీంచి కారిన జిడ్డు కిందికి పోవడానికేమో అనుకున్నాం. కిందికి పోతే మంటలో పడుతుందని... అందుకే మూసేవాళ్లం."

"మంట ఈ రేకు కిందే ఉంటుందమ్మా. ఆ వేడీ గాలీ ఈ చీలికల్లోంచే తిరగాలి." కిటికీ బార్లా తెరిచి, ఓవెన్ వెలిగించి, కింద చిన్న బొక్కలోంచి మంట చూపించాడు. నీలంగా, బిగువుగా ఉంది. తరవాత కాగితం మళ్లీ పరిచాడు. కాసేపటికి మంట పసుపురంగుకు తిరిగి, సోలిపోతూ, ఎటు పోవాలో తెలియనిదానిలా అటూ ఇటూ నాలుకలు చాపింది. "ఊపిరాడటం లేదు దానికి. ఊపిరాడని మంట వదిలే గాలి మనకి ఊపిరాడనివ్వదు."

"మరి వాసన రాలేదాండీ?"

"లీకైతే వాసన. దీనికి వాసనా లేదు, రంగూ లేదు. తలనొప్పొస్తుంది, కళ్లు మూతలు పడతాయి. చలికాలం కదా, వెచ్చగా ఉంది, హాయిగా నిద్రొస్తోంది అనుకుంటారు. కిటికీ ఓరగా తీసి ఉంటే బతికిపోతారు. ఈవిడ పిల్లకి జలుబని కిటికీ సందుల్లో గుడ్డముక్కలు కూడా కుక్కింది." అతను మంట ఆర్పేశాడు. "ఇందులో పెద్ద మోసం ఏమిటంటే, పోయినవాళ్లు పోయినట్టుండరు. బుగ్గలు ఎర్రగా, రంగు తిరిగినట్టుంటారు. నేనొకసారి చూశాను. గుండె అనుకున్నారు అందరూ."

కోడలు ఓవెన్ అంచు పట్టుకుంది. మామగారు కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆమె ఎప్పుడూ చూడని ఆ మనిషి బుగ్గలు ఎర్రగా, స్పష్టంగా కనిపించాయి.

"గ్యాసు అయిపోయి మంట దానంతటది ఆరిపోతే?" అంది.

"ఆరిపోతే గాలి మెల్లిగా చెదిరిపోతుంది. తరవాత వచ్చేవాళ్లకి ఏమీ తెలియదు. ఏం, ఎందుకు?"

"ఊరికే."

ఆమె మొగుడు సిటీబస్సు డ్రైవరు. సాయంత్రం డ్యూటీ దిగొచ్చాక, అత్తగారు పక్కవీధిలో చెల్లెలింటికి వెళ్లి ఉండగా, అంతా చెప్పింది. అతను పళ్లెంలో చెయ్యి పెట్టి అలాగే విన్నాడు. తండ్రి పోయినప్పుడు అతనికి మీసాలు మొలుస్తున్న వయసు.

"అమ్మకి చెప్పకు" అన్నాడు ఆఖరికి.

"చెప్పకుండా కాగితం ఎలా మానిపించను?"

"ఏదో ఒకటి చెప్పు. దొరకడం లేదను."

"కారణం లేకుండా మీ అమ్మ మంచినీళ్లు కూడా తాగదు, నాకు తెలీదా?"

"నాన్న పోయాక ఆవిడకి మిగిలిందేమిటే? ఆ కథొకటి. నొప్పి లేకుండా పోయాడు, అదృష్టవంతుడు అని చెప్పుకుంటూ ఇన్నేళ్లు బతికింది. ఇప్పుడు వెళ్లి, ఆయన్ని నువ్వే చంపావని చెబుతావా?"

"నేనలా అన్నానా?"

"ఎలా అన్నా ఆవిడకి అలాగే వినబడుతుంది."

అతను పళ్లెం పక్కకు తోసి, చేతులు కడుక్కోవడానికి లేచాడు. కుళాయి కింద చాలాసేపు కడుక్కున్నాడు. ఆ రోజే ఆమె తమ ఇంటి ఓవెన్లోని కాగితం తీసి, ఉండచేసి, చెత్తబుట్టలో అడుగుకంటా తోసింది. తమ పెళ్లప్పుడు ఆ వంటగదికి పెరటివైపు తలుపు పెట్టించారు కాబట్టి తామంతా బతికున్నామని అప్పుడు తట్టింది.

మర్నాటి నుంచి కోడలికి దొంగబతుకు మొదలైంది. సంచిలోని కాగితం చుట్టను గోనెపట్టాల కింద దాచేసింది. దుకాణంలో దొరకలేదని అత్తగారితో అంది. సోడా కొనుక్కొస్తానని చెప్పి, కడిగిన ఇళ్లన్నిటికీ ఒక్కొక్కటిగా తిరగసాగింది. గ్యాసు ఓవెన్ ఉన్నచోటల్లా ఏదో సాకు చెప్పి తలుపు తెరిచి కాగితం లాగేసేది. కరెంటు ఓవెన్లున్న ఇళ్లను వదిలేసింది. ఎన్ని ఇళ్లో తనకే సరిగ్గా గుర్తులేదు. అత్తగారికైతే అన్నీ గుర్తే, కానీ అడగడానికి వీల్లేదు. కుట్టుపని ఆవిడ కూతురికి తెలివి వచ్చింది కానీ మాట ముద్దముద్దగా వస్తోందని, కుడిచెయ్యి సరిగ్గా లేవడం లేదని తెలిసింది. ఏం జబ్బని అత్తగారు అడిగితే "గాలి ఆడక" అని ఊరుకుంది. అబద్ధమైతే కాదు.

పొయ్యిలమ్మ చెవులకు ఏదీ దాగదు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ సంతలో కనబడి, "ఏం పెద్దమ్మా, మీ కోడలొచ్చి కాగితం పీకేసి వెళ్లింది, ఇంకో రకం వేస్తారా ఏంటి?" అనడిగింది. ఆ తరవాత మందుల షాపాయన భార్య అడిగింది. అత్తగారు ఇంటికొచ్చి ఏమీ అనలేదు. భోజనాల దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంది. మర్నాడు పనికి బయల్దేరుతుంటే, "నేను రాను. నా అవసరం ఏముందిలే అక్కడ" అంది.

"అదేంటత్తయ్యా?"

"మోకాళ్లు పోయాయి. చేతులు మిగిలాయనుకున్నాను. అవి కూడా పనికిరావని ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నావటగా! నేను వేసింది నువ్వు పీకేస్తే, ఇక పొయ్యిలమ్మ దేనికి? నువ్వే పొయ్యిలమ్మవి. ఏలుకో."

"అయ్యో, దాని గురించి కాదత్తయ్యా..."

"మరి దేని గురించో చెప్పు. నోట్లో సోడా ముద్ద పెట్టుకున్నావా?"

కోడలి కళ్లముందు మొగుడి ముఖం కదిలింది. సంచి భుజాన వేసుకుని ఒక్కతే వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేసరికి వంటగదిలో పీట వాల్చుకుని, తమ ఓవెన్ ముందు కూర్చుని ఉంది అత్తగారు. గోనెపట్టాల కింది కాగితం చుట్ట ఆవిడ ఒళ్లో ఉంది. పెరటి తలుపు చలికి గడియ వేసి ఉంది. చర్రున చింపి, అడుగున పరిచి, కణుపులతో మూలలు నొక్కుతోంది.

"అత్తయ్యా, అది తీసేయండి."

"తీయను."

"అది మంచిది కాదు. మంటకి గాలి ఆడదు. మెకానిక్ చూపించాడు నాకు. కుట్టుపని ఆవిడ ఇంట్లో జరిగింది దానివల్లే."

అత్తగారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఆ పిల్లకా?"

"అవును."

"ఎవడో మెకానిక్ చెబితే అయిపోయిందా? వాళ్ల గొట్టం లీకై ఉంటుంది. తప్పు మనమీదికి తోశాడు. ఒసేయ్, నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఈ ఓవెన్లో కాగితం ఉంది. మంట దీని కిందే మండింది. ఇక్కడ ఎవరికేమైందే? చెప్పు. ఈ ఇంట్లో ఎవరికేమైంది?"

కోడలు నోరు తెరిచింది. తలుపు చట్రాన్ని పట్టుకుని, అత్తగారి ముఖంలోకి చూడలేక, నేలవంక చూస్తూ నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్కమాటా ఆమె అనలేకపోయింది.

పొయ్యిలమ్మ ఆ జవాబు కోసం చూసింది. రాలేదు. ఆవిడ కళ్లు కోడలి మీంచి ఓవెన్ మీదికి, ఓవెన్ ముందున్న ఖాళీ నేలమీదికి వెళ్లాయి. కుర్చీ ఒకప్పుడు అక్కడే ఉండేది.

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ముందురోజే కొత్త కాగితం వేశాను" అంది అత్తగారు. గొంతు మామూలుగానే ఉంది. "మా అక్క వాళ్లు వస్తారని. బాగా నొక్కి వేశాను."

"మీకు తెలియదు కదత్తయ్యా."

"కిటికీ తీయొద్దని చెప్పాను."

"అత్తయ్యా..."

"ఊరుకో. నన్ను అనుకోనీ. బుగ్గలు ఎర్రగా ఉన్నాయే. అది కూడా దానివల్లేనా?"

కోడలు తల ఊపింది.

"కళ అనుకున్నాను" అంది పొయ్యిలమ్మ. "ఎంతమందికి చెప్పాను."

ఆ తరవాత ఏడుస్తుందని కోడలు ఎదురుచూసింది. ఏడవలేదు. వంగి, తను నొక్కిన మూలల్ని గోటితో లేపబోయింది. కాగితం చిరిగింది. చిరిగిన ముక్కల్ని ఒక్కొక్కటిగా ఏరి ఒళ్లో వేసుకుంది. కోడలు సాయం చేయబోతే చేత్తో తోసేసింది.

కొడుకు వచ్చేసరికి ఆవిడ ఇంకా అక్కడే ఉంది. గుమ్మంలోనే అతనికి అర్థమైంది. పెళ్లాం వంక కోపంగా చూశాడు.

"దాన్ని చూస్తావేంరా? దానికి చేతనైతే చచ్చినా చెప్పేది కాదు" అంది తల్లి. "నీకూ తెలుసా?"

"తెలుసమ్మా."

"ఎన్నాళ్లయింది?"

"ఆ పిల్ల ఆసుపత్రిలో చేరిన రోజే."

"ఇవాళ పొద్దున ఈ చుట్ట పట్టుకుని నేను రెండిళ్లలో కాగితం వేసొచ్చాను. తెలుసా? మీ ఆవిడ లేకుండా, ఆటో కట్టించుకుని, పంతానికి. ఒక ఇంట్లో పసిపిల్ల ఉంది. నేను బాధపడతానని నువ్వు నోరు కట్టేసుకున్నావు. అక్కడేమైనా అయితే, అప్పుడు కూడా నాకు చెప్పేవాడివి కాదు. అంతేనా?"

కొడుకు వచ్చి తల్లి పీట పక్కన కూలబడ్డాడు. ఆవిడ అతని తలమీద చెయ్యి వేయలేదు. "లే. ముందు ఆ ఇంటికి వెళ్లాలి. నన్ను పట్టుకో" అంది.

ఆ చలికాలమంతా అత్తాకోడళ్లు కొత్త పని ఏదీ ఒప్పుకోలేదు. కడిగిన ఇళ్లన్నిటికీ తిరిగారు. కోడలు ఒక భుజం పట్టుకునేది, రెండో చేతిలో కర్ర. పొయ్యిలమ్మకి ప్రతి ఓవెనూ గుర్తే. ఏ వీధి, ఎన్ని మెట్లు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఎక్కడ గీత పడింది. మొదటి ఇంట్లో మాట్లాడబోతే అలవాటుకొద్దీ పాత కథే నోటికొచ్చింది. "మా ఆయనా సిలిండరూ..." అని ఆగిపోయింది. ఆ కథ తెలిసిందే కాబట్టి ఇంటావిడ ముందుగానే నవ్వింది. ఆ నవ్వు చూసి పొయ్యిలమ్మ కర్ర మీద రెండు చేతులూ వేసి నిలదొక్కుకుంది.

"నేను వేసిన కాగితం వల్ల మా ఆయన పోయాడమ్మా. మీ ఓవెన్లోనూ అదే వేశాను. తీయనివ్వండి" అంది.

అప్పట్నుంచి ప్రతి గుమ్మంలోనూ అవే మాటలు. ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. నాకు తెలియదు అన్న ముక్క ఏనాడూ కలపలేదు. కలపమని కోడలు దారిలో బతిమాలేది. "అంతమాట ఎందుకత్తయ్యా? మంచిది కాదట, తీసేస్తున్నాం అంటే చాలు కదా."

"నువ్వు వెళ్లి అలాగే పీకేశావు. టీచరమ్మ మళ్లీ వేసుకుంది, చూశావుగా. మెరుస్తుంటే బాగుందని. మనిషి పోయాడంటే వేసుకోరు."

అది నిజమే. అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. కొందరు అయ్యో అని కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఒకాయన, ఇన్నాళ్లూ మా ఆవిడ తలనొప్పులకి మందులు మింగుతోంది, దానికి ఎవరు జవాబుదారీ అని వీధిలోకి వినబడేలా అరిచాడు. పొయ్యిలమ్మ తలవంచుకుని మొత్తం విని, "నేనే బాబూ" అంది. ఒకామె ఓవెన్ చూపించడానికి కూడా లోపలికి రానివ్వలేదు. కోడలు కిటికీలోంచే బతిమాలి, ఆమె చేతే తీయించింది. కుట్టుపని ఆవిడ ఇంటికి అత్తగారు ఒక్కతే లోపలికి వెళ్లింది. కోడలిని రావద్దంది. బయట నిలబడ్డ కోడలికి లోపల మాటలేవీ వినబడలేదు. కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. చాలాసేపటికి మళ్లీ మొదలైంది. అత్తగారు బయటికి వచ్చి, "పద" అంది. లోపలేం జరిగిందో ఏనాడూ చెప్పలేదు.

పేటలో కబురు పాకింది. కొత్తగా ఓవెన్ కడగడానికి పిలిచేవాళ్లు తగ్గారు. పొయ్యిలమ్మ అన్న పిలుపు కూడా మెల్లగా తగ్గింది. ఆవిడ ఎదురైతే ఏమని పిలవాలో తెలియక కొందరు పక్కకు తప్పుకునేవాళ్లు.

ఆఖరికి మిగిలింది మిట్టమీది సందులో మేడమీద వాటా. అక్కడ కొత్తగా పెళ్లైన జంట ఉండేది. ఆ పిల్ల ఓవెన్ చూసి చప్పట్లు కొట్టిందని, పొయ్యిలమ్మ ఆ మురిపానికి రెండు పొరలు వేసిందని కోడలికి గుర్తుంది. మెట్లెక్కడానికి అత్తగారు కర్ర కోడలికిచ్చి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. తలుపు తీసింది వేరే ఎవరో నడివయసు మనిషి.

"వాళ్లా? ఖాళీ చేసి వెళ్లిపోయారండీ. మేమొచ్చి కొద్దిరోజులే అయింది."

"ఓవెన్ ఉందా బాబూ ఇక్కడ?"

"లేదే. సామానంతా పట్టుకుపోయారు."

"ఎక్కడికి?"

"తెలీదండీ. ఆయనకి వేరే ఊరు బదిలీ అయిందన్నారు. ఏ ఊరో మాకు చెప్పలేదు."

"ఇంటి ఓనరుకి తెలుస్తుందా?"

"ఓనరు ఇక్కడుండరు. అద్దె వసూలుకి వచ్చే మనిషికీ తెలియదు, వాళ్ల ఉత్తరాలేవో వస్తే ఆయనా నన్నే అడిగాడు." అతను వాళ్లిద్దరి ముఖాలూ చూశాడు. "ఏమైనా పనా?"

పొయ్యిలమ్మ ఆ మాటలు అతనికీ చెప్పింది, అతని ఓవెన్ కాకపోయినా. అతను ఏమనాలో తెలియక మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లాడు. ఆవిడ పైమెట్టు మీద కూర్చుండిపోయింది. మిట్టమీంచి పేటంతా కనిపిస్తోంది. ఇళ్ల కప్పుల మీద చలిపొగ. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

"పోదాం అత్తయ్యా. మన చేతిలో ఉన్నదంతా చేశాం."

"బాగా నొక్కి వేశాను" అంది అత్తగారు. "రెండు పొరలు. ఆ పిల్ల నెల తిరిగినా తీయదు, పాడైపోతుందని అలాగే ఉంచుకుంటుంది. చలి ఊరో ఏమో అది."

"అక్కడ మెకానిక్ ఎవరైనా ఓవెన్ బిగించేటప్పుడు చూసి తీసేస్తాడులెండి."

అత్తగారు ఆ మాటను నమ్మిందో లేదో తెలియలేదు. లేవడానికి చెయ్యి చాచింది. కోడలు పట్టుకుని లేపింది. మెట్లు దిగి సందులోకి వచ్చాక, ఇంటివైపు తిరగబోతే చెయ్యి విడిపించుకుని ఆగింది.

"సామాను లారీలోకి ఎక్కించింది ఎవరే? ఈ పేట కూలీలే కదా? రైలు స్టేషన్ పక్కన కూర్చుంటారే, వాళ్లు. ఏ ఊరికి ఎక్కించారో వాళ్లకి గుర్తుండదూ?"

"అన్ని లారీలెక్కిస్తారు అత్తయ్యా వాళ్లు. గుర్తుండదు."

"అడుగుదాం."

స్టేషన్ ఉన్నది పేటకి ఆ చివర. ఆవిడ మోకాళ్లకి అది ఒక రోజు దారి. కోడలు ఆటో కోసం సందు మొదటికి వెళ్లి నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తే అత్తగారు అప్పటికే కర్ర ఊతంతో నడవడం మొదలుపెట్టింది.